జారేది కీ కాదు: ఇంట్లో చేసుకున్న గిటారుకి ట్యూనింగ్ కీలు ఎక్కించే సంగతి

నిరుడు వేసవిలో విజయనగరంలో మా పాత ఇల్లు విప్పినప్పుడు టేకు ద్వారబంధం ముక్క ఒకటి మిగిలింది, దాన్ని పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక మెడగా చెక్కి, ప్లైవుడ్డుతో డబ్బా కట్టి ఒక గిటారు చేసేను. డబ్బా బానే పలికింది, మెడ మీద మెట్లు, అంటే ఫ్రెట్లు కూడా మరీ అంత అధ్వాన్నంగా రాలేదు, కానీ ఒకటే బాధ, రాత్రి శ్రుతి చేసి గోడకి తగిలిస్తే పొద్దున్నకి ఆరు తీగల్లో నాలుగు దిగిపోయేవి. చూసిన ప్రతివాళ్ళూ ఒకటే మాట, చవక కీలు కదా జారిపోతున్నాయి, మంచి కంపెనీవి కొని పెట్టేయ్ అని. నేనూ అదే అనుకున్నాను, దాదాపు కొనేసేవాణ్ణి కూడా.

కొనేముందు ఒక పని చేసేను, ఇది ఎవరైనా చెయ్యొచ్చు, రూపాయి ఖర్చు లేదు. రాత్రి శ్రుతి పూర్తయ్యాక సన్నటి మార్కరు పెన్నుతో ప్రతి కీ పోస్టు మీదా, అంటే తీగ చుట్టుకునే కడ్డీ మీదా, దాని కింద వాషరు మీదా కలిసొచ్చేట్టు ఒక గీత గీసేను. పోస్టు వెనక్కి వెంట్రుకవాసి తిరిగినా ఆ గీత రెండు ముక్కలైపోవాలి. పొద్దున్న చూస్తే అన్నిటికన్నా సన్నటి E తీగ 20 సెంట్లు దిగి ఉంది, అంటే ఒక ఫ్రెట్టంత శ్రుతిలో ఐదో వంతు, గీత మాత్రం గీసినట్టే ఉంది, మిగతా ఐదు గీతలూ అంతే. మరి కీ తిరగకుండా తీగ ఎలా వదులైంది? ఈ ప్రశ్న దగ్గరే నాకు అసలు చిక్కుముడి కనపడింది, ఇక్కడ రాసేదంతా దాన్ని విప్పుకుంటూ నేను నేర్చుకున్నదే.

ముందు కీ లోపల ఏముందో చూద్దాం. మనం వేళ్ళతో తిప్పే బటన్ వెనకాల మర తిరిగిన చిన్న కడ్డీ ఉంటుంది, దాన్ని వార్మ్ అంటారు, ఆ మర పోస్టుకి ఉన్న పళ్ళ చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. కడ్డీ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక్క పన్ను మాత్రమే కదుల్తుంది, చక్రానికి 14 పళ్ళుంటే బటన్ 14 చుట్లు తిప్పితే పోస్టు ఒక చుట్టు తిరుగుతుంది, అదే 14కి 1 అని డబ్బా మీద రాసే లెక్క, 15, 16, 18 కూడా దొరుకుతాయి. ఇందులో గొప్పతనం ఏటంటే బటన్ చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం బటన్‌ని తిప్పలేదు. బోల్టుకి ఎక్కించిన నట్టుని పట్టుకుని ఎంత లాగినా బోల్టు దానంతటది తిరగదు కదా, మర వాలు తక్కువ, రాపిడి ఎక్కువ, అలగే ఇదీ. కాబట్టి చక్రం పళ్ళు అరిగిపోతే తప్ప, ఎంత చవకదైనా సరే, ఈ గేరు ఊరికే వెనక్కి జారదు. నా పెన్ను గీతలు చెప్పింది ఇదే.

మరి 14కి 18కి తేడా ఏంటి అంటే పట్టు కాదు, తిప్పడంలో సులువు. ఇక్కడ కొంచెం లెక్క చెయ్యనివ్వండి, నాకిది తెలిసేక కీల మీద ఉన్న భ్రమలు చాలావరకు పోయేయి. 648 మిల్లీమీటర్ల స్కేలు, అంటే మోగే తీగ పొడుగు, ఉన్న గిటారు మీద 12 గేజ్ తీగ, అంటే దాదాపు 0.3 మి.మీ. మందం ఉక్కు తీగ, పై E స్వరానికి బిగిస్తే దాని మీద ఇంచుమించు 10 కేజీల లాగుడు పడుతుంది, మామూలు లైట్ సెట్టులో ఆరు తీగలూ కలిపితే 70 కేజీలు దాటుతుంది. ఒక ఫ్రెట్టంత శ్రుతి పెరగాలంటే బిగువు 12 శాతం దాకా పెరగాలి, అందుకు ఆ తీగ సాగాల్సింది అర మిల్లీమీటరు పైచిలుకు, అంతే. పోస్టు 6 మి.మీ. మందమైతే దాని చుట్టుకొలత దాదాపు 19 మి.మీ., అంటే పోస్టు తిరగాల్సింది పది డిగ్రీలు. 14 పళ్ళ కీతో బటన్‌ని అర చుట్టుకి కాస్త తక్కువ తిప్పాలి, 18 పళ్ళదైతే దాదాపు సరిగ్గా అర చుట్టు. తేడా అంతే. రెండూ సరిపోతాయి, పది డిగ్రీల పనిని వేళ్ళకి అందేంత పెద్దది చెయ్యడమే గేరు చేసే సాయం.

ఇదే లెక్క పట్టుకుని బొబ్బిలి వీణ చూడండి, ఆశ్చర్యం వేస్తుంది. వీణకి ఏడు తీగలు, ఏడు కర్ర బిరడలు, గేరు ఏదీ లేదు, చెయ్యి ఎంత తిరిగితే బిరడ అంతే తిరుగుతుంది. పైగా బిరడ గిటారు పోస్టు కన్నా లావు, కాబట్టి అదే శ్రుతి తేడాకి తిరగాల్సిన కోణం ఇంకా చిన్నది. అందుకే బిరడతో దగ్గరకి తెచ్చి, సన్నటి తేడాలు గుర్రం, అంటే తీగల్ని మోసే బ్రిడ్జి, వెనకాల ఉండే లంగర్లు అనే చిన్న బిగింపులతో సరిచేస్తారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక పూట కూర్చున్నాను, నా గిటారు తల చూపించి అడిగితే ఆ పెద్దాయన దాన్ని తిరగేసి మరగేసి చూసి అన్నమాట నాకు చాలా పనికొచ్చింది. "బిరడకైతే కన్నం కోసుగా, లోనకి పోయేకొద్దీ సన్నగా ఉండాల బాబూ, లోనకి నొక్కితే పట్టాల, బయటకి లాగితే ఒదలాల. నీ ఈ ఇనపదానికి కన్నం తిన్నగా ఉండాల, అది చెక్కని పట్టుకోదు, చెక్క దాన్ని కదలనీకూడదు, అంతే."

ఇంచుమించు మొత్తం విషయం ఇందులోనే ఉంది. బిరడ నిలబడేది చెక్క రాపిడి మీద, కీ నిలబడేది సొంత గేరు మీద. అందుకని కీకి కన్నం ఎలా ఉన్నా ఫర్లేదు అనుకుంటాం, నేనూ అలగే అనుకున్నాను, అక్కడే దెబ్బతిన్నాను. తీగ పోస్టుని తిప్పాలనే చూడదు, పక్కకి కూడా లాగుతుంది, ఆ 10 కేజీలు చెక్క పైన ఓ సెంటీమీటరు ఎత్తులో పోస్టుని నట్ వైపు, అంటే మెడ పైకొసన తీగలు ఆనుకునే గాళ్ళ పట్టీ వైపు, వంచుతూ ఉంటాయి. పోస్టుకి పైన తొడుగులా ఉండే బుష్ కన్నంలో వదులుగా ఉంటే పోస్టు ఒరుగుతుంది, ఒరిగితే కింద చక్రం వార్మ్‌కి అడ్డంగా నొక్కుకుంటుంది, అప్పుడు బటన్ బిగుసుకుపోయి, తిప్పుతుంటే శ్రుతి మెల్లగా ఎక్కకుండా ఒక్కసారి గెంతుతుంది. గెంతితే మనం దాటేసేం అని వెనక్కి తిప్పుతాం, వెనక్కి తిప్పి ఆపితే పళ్ళ మధ్య కాస్త వదులు, ఆట అంటారే, అది మిగిలిపోతుంది, గట్టిగా మీటినప్పుడు ఆ ఆట సర్దుకుని తీగ దిగిపోతుంది. అందుకే ఎప్పుడూ కిందనుంచి పైకి శ్రుతి చెయ్యమంటారు, దాటిపోతే బాగా దించేసి మళ్ళీ ఎక్కించాలి.

ఇప్పుడు నా కన్నాల సంగతి. సీల్డ్ కీలకి, అంటే గేరు మొత్తం డబ్బాలో మూసేసి పైనుంచి నట్టుతో బిగించేవాటికి, మామూలుగా 10 మి.మీ. కన్నం కావాలి. పాత పద్ధతి ఓపెన్ కీలకి, పైన బుష్ నొక్కి దించేవాటికి, ఎనిమిదిన్నర చుట్టుపక్కల సరిపోతుంది. ముందు కీ కొని వెర్నియర్‌తో కొలిచి ఆ తరవాతే కన్నం వెయ్యాలి, నేను ముందు కన్నాలు వేసేసి తరవాత కీలు కొన్నాను. పైగా మొదటి కన్నానికి అడుగున చెక్క పెట్టకుండా ఒకేసారి పది నంబరు బిట్టు దింపేసేను, బిట్టు అవతలికి వచ్చేటప్పుడు టేకు పీచు పీచుగా లేచిపోయి, తల ముందువైపు చిటికెన గోరంత పెచ్చు ఊడింది. మా మావయ్య వడ్రంగం చేస్తారు, చూసి, "ఏటిరా అల్లుడా, తిన్నగా పది ఎట్టీసినావేటి, ముందు మూడుతో దారి చెయ్యాల గదా, కింద అడ్డచెక్క ఏదీ?" అన్నారు. ఆ తరవాత ఐదింటికీ ఆయన చెప్పినట్టే చేసేను, 3 బిట్టుతో సన్న కన్నం, దాన్నే దారిగా పట్టుకుని ముందువైపు నుంచి సగం దాకా 10, తిరగేసి వెనకనుంచి మిగతా సగం. అంచులు కత్తితో కోసినట్టు వచ్చేయి.

మందం ఇంకో విషయం. నా హెడ్‌స్టాక్, అంటే గిటారు తల, 19 మి.మీ. ఉండేది, చూడ్డానికి బలంగా ఉందని ఉంచేసేను, కానీ కీ పోస్టులు దాదాపు 15 మి.మీ. చెక్కకి చేసినవి, బిగిస్తే పైనున్న నట్టుకి మర అందలేదు, తీగ దూర్చే బెజ్జం సగం చెక్కలోనే ఉండిపోయింది. వెనకవైపు చిత్రిక పట్టి 15కి దించేను, అంతే. ముందువైపు పట్టకూడదా అంటే పట్టొచ్చు గానీ నట్ దగ్గర తీగ వంగే కోణం మారిపోతుంది, వెనకవైపే మేలు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని ఇబ్బందిపెట్టేది ఎడమ కుడి గొడవ, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. నేను కొన్న సెట్టు ఆరూ ఒకేవైపు ఉండే రకం, అంటే ఆరు కీలూ వరసగా ఒక పక్కనే ఉండే గిటార్ల కోసం చేసినవి. నా తల మూడు ఎడమ, మూడు కుడి. కొట్టతను అన్నీ ఒకటే సార్ తిప్పి పెట్టుకోండి అన్నాడు, తిప్పి పెట్టేను. ఎడమ మూడూ బావున్నాయి. కుడి మూడూ ఉల్టా. బటన్‌ని ఎదురుగా చూస్తూ తిప్పితే మామూలుగా ఏ వైపు కీ అయినా గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో బిగియాలి, ఇవి ముల్లు తిరిగే దిక్కులో బిగుస్తున్నాయి. చేతికి అలవాటైపోతుందిలే అనుకోవచ్చు, కానీ తిక్కంతా దిక్కుదే కాదు, వార్మ్ ఎక్కడుందన్నది కూడా. ఎడమ కీల్లో వార్మ్ పోస్టుకి నట్ వైపు ఉంది, తీగ పోస్టుని నట్ వైపే లాగుతుంది కాబట్టి చక్రం వార్మ్ మీదకి నొక్కుకుని గట్టిగా పట్టుకుంటుంది. అదే కీని సగం తిప్పి కుడివైపు పెడితే వార్మ్ అవతలకి, తల కొస వైపుకి పోయింది, ఇప్పుడు తీగ లాగుడు చక్రాన్ని వార్మ్ నుంచి ఎడంగా లాగుతోంది. గేరు అప్పుడు కూడా జారదు, కానీ పళ్ళ మధ్య ఆట ఎక్కువవుతుంది, అరుగుదల తొందరగా వస్తుంది. తీగని పోస్టుకి బయటివైపునుంచి చుడితే దిక్కు సరైపోతుందని కొందరు చేస్తారు, నాకు నచ్చలేదు, తీగ నట్ దగ్గర పక్కకి మెలిపడి గాడి అంచుని కోసేస్తుంది, వార్మ్ ఎలాగూ తప్పుడు పక్కనే ఉంటుంది.

అసలు ఆరూ ఒక పక్కనే పెట్టుకునే తల చెక్కుంటే ఈ బాధే లేదు, అదేమీ ఎలక్ట్రిక్ గిటార్లతో వచ్చిన కొత్త ఫ్యాషను కాదు. 1820లలో వియన్నాలో స్టౌఫర్ అనే ఆయన గిటార్లకి ఆరు కీలూ ఒకే పక్కన పెట్టేవాడు, 1833లో అమెరికా వెళ్ళిపోయి మార్టిన్ గిటార్ల కంపెనీ పెట్టిన మార్టిన్ మొదట్లో చేసిన గిటార్ల తలలు కూడా ఆ తీరులోనే ఉంటాయి. ఇంకోటి చేస్తే నేను అలగే చేస్తాను, తీగలు నట్ దాటేక తిన్నగా పోతాయి.

కానీ నా తల అప్పటికే మూడూ మూడూ. అటక మీద విరిగిపోయిన పాత గిటారొకటి ఉంది, దాని కీలు ఓపెన్ రకం, ఒక్కో రేకు మీద మూడేసి, ఎడమ రేకు వేరు, కుడి రేకు వేరు, రెండిట్లోనూ వార్మ్ సరైన వైపే ఉంది. చిక్కల్లా రేకు మీద కీల మధ్య దూరం నా కన్నాల మధ్య దూరం ఒకటి కాదు. కాబట్టి రేకుని మూడు ముక్కలు చెయ్యాలి. ఇది వినడానికి మొరటుగా ఉంటుంది గానీ జాగ్రత్తగా చేస్తే చక్కటి పని. ముందు గేర్లన్నిటికీ కాగితం టేపు చుట్టేసేను, ఇనప రజను ఒక్క రవ్వ పళ్ళలో పడ్డా నూనెతో కలిసి ముగ్గుపొడిలా అరగదీసేస్తుంది. రేకుని రెండు చెక్కముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించేను, చెక్కలు లేకపోతే రంపం లాగుడికి రేకు వంగిపోయి కడ్డీ బిగుసుకుంటుంది. సన్నపళ్ళ బ్లేడుతో హ్యాక్సా, తొందరపడకుండా. కోసిన అంచులు ఆకురాయితో గుండ్రంగా రుద్దేను, లేకపోతే తీగ మార్చినప్పుడల్లా వేలు చీరుకుంటుంది. ఇక్కడ ఒకటి ముందే చూసుకోవాలి, మధ్య ముక్కకి స్క్రూ కన్నాలు అటూ ఇటూ ముక్కలతో ఉమ్మడిగా ఉంటాయి, కోసేసేక దానికి ఒకటే మిగలొచ్చు, లేదా ఏదీ మిగలకపోవచ్చు. మధ్య ముక్కకి పంచ్‌తో గుర్తు కొట్టి 2 మి.మీ. కన్నాలు కొత్తగా రెండు వేసేను. అన్నీ అయ్యాక కిరసనాయిలులో పాత టూత్‌బ్రష్షుతో కడిగి ఆరబెట్టి, ఒక్కో గేరుకి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె.

పోస్టులు 6 మి.మీ., నా కన్నాలు 10. ఈ ఖాళీ దగ్గరే చాలామంది ఫెవికాల్‌లో రంపపుపొట్టు కలిపి నింపేస్తారు, దయచేసి వద్దు, పక్క లాగుడు పడేది సరిగ్గా అక్కడే, నాలుగు నెలల్లో పొడైపోతుంది. గుండ్రటి టేకు మేకులు కొట్టి మళ్ళీ కన్నం వెయ్యడం మంచి పద్ధతే, కానీ మేకు పొడుగు పీచు మీద బిట్టు పక్కకి పోతుంది, ఆరు కన్నాలూ మధ్యలోకి రావడం కష్టం. నేను లేత్ షాపుకి వెళ్ళి ఆరు ఇత్తడి బుష్‌లు తిప్పించుకున్నాను, బయట 10, లోపల 6.1, పైన 12 మి.మీ. వెడల్పు మిల్లీమీటరు మందం అంచు. మొదటి కన్నం దగ్గర ఊడిన పెచ్చుని కూడా ఆ అంచు కొంతవరకు కప్పేసింది. వాటిని సుత్తితో కొట్టకూడదు, వైస్‌కి మెత్తటి చెక్క కట్టి నెమ్మదిగా నొక్కితే సరసరా దిగిపోయేయి. పోస్టు దూర్చి వేలితో తిప్పితే ఏ రాపిడీ లేకుండా, అలాగని టకటకలాడకుండా తిరిగింది, ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

స్క్రూల దగ్గర కూడా ఒక పాఠం ఉంది. ఇవి 2 మి.మీ. చిన్నవి, టేకు గట్టిది, దారి కన్నం లేకుండా తిప్పితే తల తెగి కాండం లోపల ఉండిపోతుంది, నాకు ఒకటి ఉండిపోయింది. ఒకటిన్నర మి.మీ. బిట్టుతో దారి చేసి, స్క్రూకి సబ్బు రాసి తిప్పండి. ఇంకోటి, స్క్రూలు ఆఖరికి బిగించాలి, ముందు పోస్టు బుష్‌లో తిన్నగా కూర్చుందో లేదో చూసి, తీగ కొంచెం బిగువులోకి వచ్చేక అది ఎటు ఒరగాలనుకుంటోందో అటు సర్దుకోనిచ్చి అప్పుడు. ముందే బిగించేస్తే స్క్రూ రేకుని ఒక పక్క, బుష్ పోస్టుని ఇంకో పక్క లాగి మళ్ళీ పాత కథే.

ఇంత చేసి మళ్ళీ పెన్ను గీతలు గీసేను. పొద్దున్నకి ఎనిమిది సెంట్లు దిగింది. గీత కదల్లేదు. అంటే 20లో పన్నెండు తగ్గింది, మిగతా ఎనిమిదీ ఎక్కడివి? పోస్టు ఒరగడం ఆగిపోయేక, కీ తిరగకుండా తీగ వదులవడానికి ముఖ్యంగా రెండు దారులు, పోస్టు మీద చుట్లు సర్దుకోవడం, నట్ గాడిలో తీగ ఇరుక్కుని తరవాత ఎప్పుడో వదలడం. కొత్త తీగ సాగడం ఒక రెండ్రోజుల ముచ్చట, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అప్పటికి వారమైంది. చుట్లు నేను సన్న తీగకి ఏడెనిమిది వేసేను, ఎక్కువైతే గట్టి పట్టు అనుకుని, అది తప్పు. ఎన్ని చుట్లుంటే అంత సర్దుబాటు. సన్న తీగలకి మూడు, లావు తీగలకి రెండు చాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పైనుంచి కిందకి పేర్చుకుంటూ రావాలి, అలా వస్తే నట్ మీద తీగ వంగే కోణం కూడా సరిపోతుంది.

నట్ సంగతి కనిపెట్టడం తేలిక. తీగ శ్రుతిలో ఉండగా నట్‌కీ పోస్టుకీ మధ్య ఉన్న తీగని వేలితో ఒకసారి నొక్కి వదలండి, మళ్ళీ మీటండి. శ్రుతి పెరిగి అక్కడే ఉండిపోయిందంటే గాడి తీగని పట్టేస్తోంది. శ్రుతి చేస్తున్నప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వచ్చినా అదే. మా మెడ టేకుదే అయినా మన విజయనగరంలో వానాకాలం తేమకి, వేసవి ఎండకి కొంచెం అటూఇటూ అవుతుంది, మెడ ఆ కాస్త కదిలినప్పుడు గాడిలో ఇరుక్కున్న తీగ ఒక్కసారి వదిలేస్తుంది, పొద్దున్నకి శ్రుతి పోయిందంటాం. నేను పాత లావు తీగ ముక్కనే సన్న ఆకురాయిలా గాడిలో ముందుకీ వెనక్కీ ఆడించి వెడల్పు చేసి, పెన్సిలు ములుకు గీకి ఆ నల్లపొడి గాడిలో రుద్దేను. ఎనిమిది సెంట్లు రెండుకొచ్చింది, అది చెవికి తెలీదు.

మా ఊళ్ళో 1919 నుంచి సంగీత కాలేజీ ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కూడా ప్రిన్సిపాలుగా చేసేరు, ఆయనది వయొలిన్. వయొలినుకి ఇప్పటికీ కోసు బిరడలే ఎక్కువ, అయితే ఈమధ్య బయటికి మామూలు బిరడలా కనిపిస్తూ లోపల గేరు దాచుకున్నవి కూడా వస్తున్నాయి, కొన్ని 4కి 1, కొన్ని ఎనిమిదిన్నరకి 1. గిటారు కీలాగా 14 అక్కర్లేదా అంటే, బిరడ తలకాయ పెద్దది, వేళ్ళకి పట్టు ఎక్కువ, ఆ మాత్రం చాలు. వీణకి అలాంటివి పెట్టొచ్చా అని గొల్లపల్లి పెద్దాయన్ని అడిగేను. పెట్టొచ్చు బాబూ, మరి కన్నం ఏ కొలతకి వెయ్యాలో వాటితోపాటు రాసిస్తారా అని అడిగేరు ఆయన.

నా గిటారులో ఐదు తీగలు ఇప్పుడు నాలుగు రోజులు వదిలేసినా ఉన్నచోటే ఉంటున్నాయి. మూడో తీగ ఒక్కటి ఇంకా తేలలేదు, గీత కదలట్లేదు, నట్ దగ్గర నొక్కితే శ్రుతి నిలకడగానే ఉంటోంది, మిగిలింది గుర్రం వైపు, అక్కడ తీగ కొసనున్న ఉండ చెక్కలోకి నొక్కుకుంటోందేమో అని అనుమానం, వచ్చే ఆదివారం విప్పి చూడాలి.